నిజం చెప్పే రోజు

చైతన్యపురి,
జూన్ మొదటి వారం

విజ్జీ,

నీ ఉట్నూరు గురుకులానికి ఎప్పుడు ఫోన్ చేసినా నువ్వు నీళ్ళలో మునిగి మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. "హలో" అనుకోవడంతోనే సరిపోతోంది. అందుకే నల్లగొండ హాస్టల్ రోజుల్లో సెలవులకు ఊరెళ్ళి రాసుకున్నట్టు మళ్ళీ కాగితం పట్టుకున్నాను. నవ్వకు.

ఒక వార్త. మా కాలేజీలో పరిశోధనల నైతిక పరిశీలన కమిటీకి నన్ను కార్యదర్శిని చేశారు. పేరు చూసి భయపడకు. మనుషుల మీద ఏ అధ్యయనం చెయ్యాలన్నా ముందు ఈ కమిటీ అనుమతి కావాలి. వాళ్ళకేమైనా హాని ఉందా, తెలిసే ఒప్పుకున్నారా, వద్దనుకుంటే మధ్యలో వెళ్ళిపోవచ్చా అని మేం చూడాలి. ఇన్నాళ్ళూ ఈ కమిటీ పేరుకే ఉండేది. కాలేజీకి గుర్తింపు ఇచ్చే బృందం వస్తోందని తెలిసి ప్రిన్సిపాల్‌కు ఒక్కసారిగా నీతి గుర్తొచ్చింది. సైకాలజీ చెప్పేది, ఇంకా పర్మినెంట్ కాలేదు, కాదనదు అని నాకు అంటగట్టారు. అధ్యక్షులు సాంబమూర్తి గారు. రిటైర్డ్ ప్రొఫెసర్, గుంటూరు వైపు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో ఇల్లు కట్టుకున్నారు. చాలా మంచివారు. ఎవరినీ నొప్పించరు.

మొదటి దరఖాస్తు మా డిపార్ట్‌మెంట్ అభిలాష్‌ది. వివరాలు బయట చెప్పకూడదు, నీకైనా సరే. ఇంతవరకు చెప్పొచ్చు: పాల్గొనేవాళ్ళకు ముందు ఒక అబద్ధం చెప్తారు. దాని ప్రభావం చూసి, తర్వాత నిజం చెప్తారు. మా చదువులో ఇది కొత్త కాదు. "తర్వాత అంటే ఎప్పుడు?" అని అడిగాను. దరఖాస్తులో ఆ మాటే లేదు. మనిషి ఆ గది దాటేలోపే నిజం చెప్పాలని, అబద్ధాన్ని ఇంటికి మోసుకుపోకూడదని పట్టుబట్టాను. పాల్గొన్నవాళ్ళ పేర్లు అభిలాష్ దగ్గర తప్ప ఎక్కడా ఉండకూడదని, అధ్యయనం ముగియగానే ఆ పేర్లు చెరిపేయాలని కూడా రాయించాను. రెండూ ఒప్పుకున్నారు! సాంబమూర్తి గారు "మీలాంటి వాళ్ళుండాలమ్మా" అన్నారు. ఇంటికొచ్చి నాన్నకు చెప్తే, "నీ మాట విన్నరా? అట్లయితే ఆ కాలేజీల ఏదో తేడా ఉన్నది" అన్నాడు. మా నాన్న యెహెజ్కేలు గారి ఆశీర్వాదాలు ఎప్పుడూ ఇలాగే ఉంటాయి, నీకు తెలుసు కదా.

నీ తమ్ముడు తిరుపతి మొన్న మెట్రో స్టేషన్ కింద కనిపించాడు. సరూర్‌నగర్‌లో పరుగు ప్రాక్టీసు చేసి వస్తున్నాడు. చొక్కా తడిసి ముద్దయింది. తయారీ ఎట్లుందంటే, "ఈసారి ఎస్‌ఐ కొట్టకపోతే పేరు మార్చుకుంట అక్కా" అన్నాడు. ఇడ్లీ తినిపిస్తానని తీసుకెళితే నన్ను పైసలియ్యనియ్యలేదు.

నీ సాధన


ఉట్నూరు,
జూన్ చివర

సాధనా,

నీ ఉత్తరం చూసి మా స్టాఫ్‌రూమ్ అంతా కోర్టు నోటీసనుకుంది. ప్యూన్ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకొచ్చాడు.

నువ్వు నైతిక కమిటీవా! హాస్టల్లో వార్డెన్ హాజరు తీసుకుంటుంటే గొంతు మార్చి నా బదులు "ప్రెజెంట్ మేడం" అని అరిచినదానివి. సరేలే, దొంగకే దొంగ దారులు తెలుస్తాయి. నీలాంటిదే ఉండాలి అక్కడ.

తిరుపతిని కలిసినందుకు సంతోషం. వాడికిది ఆఖరి అవకాశం సాధనా. మళ్ళీ నోటిఫికేషన్ పడేనాటికి వయసు దాటిపోతుంది. నాన్న పోయిన దగ్గర్నుంచి అమ్మకు వాడి ఉద్యోగం తప్ప ఇంకో ధ్యాస లేదు. ఊళ్ళో గట్టు తగాదా వస్తే, "జర ఆగుండ్రి, మా తిరుపతి ఎస్‌ఐ అయినంక వాడే తెంపుతడు" అంటోందట. మా అమ్మ అండాలమ్మ చెప్పిందని వాళ్ళూ ఆగారట! నవ్వొస్తుంది, భయమూ వేస్తుంది.

వాడి ఒళ్ళు బండ, మనసు వెన్న. ఏడో తరగతిలో లెక్కల సారు "నీకు రాదురా" అన్నాడని పుస్తకం మూసేసి కూర్చుంటే, మళ్ళీ తెరిపించడానికి నాకు రెండేళ్ళు పట్టింది. చదువుకున్నవాళ్ళు ఏది చెప్తే అదే వాడికి సత్యం. నీది అదే పేట కదా, అప్పుడప్పుడు ఓ కన్నేసి ఉంచు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. పిల్లలు హాస్టల్ గదుల నుంచి క్లాసుకు తడిసి వస్తున్నారు, తడిసే వెళ్తున్నారు. నేను బాగున్నాను.

విజ్జి


చైతన్యపురి,
జూలై

విజ్జీ,

నా గెలుపు మూణ్ణాళ్ళ ముచ్చటయింది. అభిలాష్ మళ్ళీ దరఖాస్తు పెట్టాడు. నిజం వెంటనే చెప్పేస్తే అధ్యయనానికి విలువ లేదట. అబద్ధం మనిషిలో కనీసం ఒక నెల ఉండాలట.

"నెలంతా వాళ్ళు ఆ అబద్ధంతోనే బతకాలి కదా" అన్నాను.

"బతకనీకేంది మేడం, మనందరం బతుకుతలేమా?" అన్నాడు అభిలాష్. అందరూ నవ్వారు. ప్రిన్సిపాల్ కూడా.

"ఆ నెలలోనే వాళ్ళ జీవితంలో ఏదైనా పెద్ద విషయం వస్తే?"

"రాదు మేడం. తేదీలన్నీ చూసుకునే పెట్టిన."

సాంబమూర్తి గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "మీ అభ్యంతరం మినిట్స్‌లో రాయించండమ్మా. ఉంటుంది. అబ్బాయి పరిశోధన మాత్రం ఆగకూడదు. కాలేజీ పేరు కూడా చూసుకోవాలి కదండీ" అన్నారు.

నా అభ్యంతరం ఒక్క వాక్యమైంది. తర్వాత అనుమతి పత్రం నా ముందు పెట్టారు. కార్యదర్శిగా దాని మీద సంతకం నాదే ఉండాలి. నేను ఆగితే, "సంతకమంటే మీరు ఒప్పుకున్నట్టు కాదమ్మా, మీటింగ్ జరిగిందని చెప్పడమే" అని సాంబమూర్తి గారు ఓపిగ్గా వివరించారు. పెట్టాను విజ్జీ. చేతికి పెన్ను ఎవరు అందించారో కూడా గుర్తులేదు.

"ఇయ్యాల గూడ విన్నరా నీ మాట?" అని నాన్న అడిగాడు. నోట్లో ముద్ద పెట్టుకున్నాను.

రాజీనామా చేద్దామనిపించింది. చేస్తే ఈ కమిటీ నుంచే పోతానా, ఉద్యోగం నుంచీ పోతానా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

తిరుపతి ఈ మధ్య కనిపించలేదు. చదువులో పడ్డాడేమో.

సాధన


ఉట్నూరు,
ఆగస్టు

సాధనా,

నీ కమిటీ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు తిరుపతి గురించి విను.

అమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి ఏడ్చింది. వాడు "ఇగ నాతోని కాదమ్మా, నేను ఇంటికొస్త" అన్నాడట. సిగ్నల్ కోసం మా బడి నీళ్ళ ట్యాంకు ఎక్కి వాడితో మాట్లాడాను. నీకూ చేశాను, కలవలేదు. ఎవరో కాలేజీవాళ్ళు చైతన్యపురి హాస్టళ్ళ నుంచి పిల్లలను పిలిచి ఉచితంగా మోడల్ పరీక్ష పెట్టారట. ఏకాగ్రత మీద ఏదో అధ్యయనం అన్నారట. రాసినవాళ్ళందరిలో నువ్వు అట్టడుగున ఉన్నావు, ఈ స్థాయిలో ఉన్నవాళ్ళు అసలు పరీక్షలో గట్టెక్కిన దాఖలా లేదు అని వీడికి కాగితం ఇచ్చారు.

"ఏదో కాలేజీవాడు చెప్తే నమ్ముతావురా?" అని తిట్టాను.

"పెద్ద కాలేజే అక్కా. ఏసీ గది. ప్రొఫెసర్ సారే నా చేతికిచ్చిండు. ఎగతాళి చేసేటోడైతే నవ్వుతడు గదా. నవ్వలేదు గూడ."

పరీక్ష తేదీ కూడా వచ్చేసింది. అందరూ అనుకున్నదానికంటే చాలా ముందు, ఈ నెల ఆఖరి ఆదివారమే. వాడు పుస్తకం ముట్టుకోవడం లేదని రూమ్‌మేట్ చెప్పాడు. పొద్దున పరుగు కూడా మానేశాడట.

నేను ఎంత చెప్పినా "అక్కవు కాబట్టి అంటున్నవ్" అంటాడు. నువ్వు వెళ్ళు. నువ్వు కాలేజీ మేడమ్‌వి, మనసుల చదువు చదివినదానివి. నీ మాట వింటాడు. నాకు నువ్వు తప్ప అక్కడ ఎవరున్నారు?

విజ్జి


చైతన్యపురి,
ఆగస్టు

విజయశ్రీ,

ఉత్తరం అందింది. తిరుపతి దగ్గరికి వెళ్ళాను. మాట్లాడాను. పరీక్ష తప్పకుండా రాయమని చెప్పాను. రాస్తాడనే అనుకుంటున్నాను.

కాలేజీలో పని ఎక్కువగా ఉంది. అమ్మకు ధైర్యం చెప్పు.

సాధన


ఉట్నూరు,
సెప్టెంబర్

సాధనా,

వాడు పరీక్ష రాయలేదు.

సెంటర్ మలక్‌పేటలో పడింది. ఆ రోజు తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, హాల్‌టికెట్ పట్టుకుని చైతన్యపురిలో మెట్రో ఎక్కాడు. మూసారాంబాగ్‌లోనే దిగిపోయాడు. ప్లాట్‌ఫారం మీద కుర్చీలో కూర్చున్నాడు. సెంటర్ గేటు మూసేసే వేళ దాటిపోయినా అక్కడే ఉన్నాడు. చివరికి సెక్యూరిటీ అతను వచ్చి, "ఎటు పోవాలె అన్నా?" అంటే "ఎటూ లేదు" అన్నాడట. ఇదంతా నాకు వాడే చెప్పాడు, ఇంకెవరి గురించో చెప్తున్నట్టు.

హాస్టల్ ఖాళీ చేశాడు. ఊరికి పోలేదు. అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఒక గోడౌన్ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుగా చేరాడు. అమ్మ బయటికి రావడం లేదు. ఊళ్ళో ఆ గట్టు తగాదావాళ్ళు వేరే పెద్దమనిషి దగ్గరికి వెళ్ళారట.

ఇప్పుడు నిన్ను ఒకటి అడుగుతాను. పరీక్ష అయిన మర్నాడు పొద్దున్నే వాడి ఫోనుకు మెసేజ్ వచ్చింది. "మీరు పాల్గొన్న అధ్యయనం ముగింపు సమావేశానికి రండి, మీ ఫలితం గురించి ముఖ్యమైన విషయం చెప్తాం, టిఫిన్ ఉంటుంది" అని. వాడు పోలేదు. మొన్న అది ఎవరు పంపారో చూడమని నేనంటే ఫోన్లో చదివి వినిపించాడు. కింద అభిలాష్ అని ఉంది. దాని కింద మీ కాలేజీ పేరు.

ముందు అబద్ధం, నెల తర్వాత నిజం. నువ్వే రాశావు నాకు.

నువ్వు వాడి దగ్గరికి వెళ్ళిన రోజు నీకు తెలుసా, తెలియదా?

విజయశ్రీ


చైతన్యపురి,
సెప్టెంబర్

విజ్జీ,

తెలుసు.

"నవ్వలేదు గూడ" అన్న మాట చదవగానే తెలిసింది. ఫలితం చేతికిచ్చేటప్పుడు ముఖంలో ఏ భావమూ కనబడకూడదని అభిలాష్ దరఖాస్తులోనే ఉంది. పరీక్ష రాసినవాళ్ళలో సగం మందికి నిజమైన ఫలితం ఇచ్చారు. మిగతా సగం మందికి నువ్వు పనికిరావని అబద్ధం చెప్పారు. ఓడిపోయానని నమ్మిన మనిషి ఎంతకాలం పట్టుదలగా చదువుతాడో చూడటం, అదీ అధ్యయనం. అసలు పరీక్ష తేదీ ఆ నెలలోనే పడుతుందని ఎవరూ అనుకోలేదు.

నీ ఉత్తరం పట్టుకుని అభిలాష్ దగ్గరికి వెళ్ళాను. తిరుపతి ఏ సగంలో ఉన్నాడని అడిగాను.

"పేర్లు ఎవ్వరికీ చెప్పొద్దని మీరే రాయించిన్రు గదా మేడం" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు.

"పరీక్ష తేదీ వచ్చేసింది. ఇవాళే అందర్నీ పిలిచి నిజం చెప్పు."

"పరీక్ష అయిన మర్నాడు చెప్త. ఇంత దూరం వచ్చినంక డేటా పాడు చేసుకుంటమా? అయినా నిజంగ చదివేటోడు ఒక్క కాగితానికి ఆగుతడా?"

సాంబమూర్తి గారి ఇంటికి వెళ్ళాను. కాఫీ ఇప్పించారు. "సోమవారం అత్యవసర సమావేశం వేద్దామమ్మా" అన్నారు. ఆదివారమే పరీక్ష అండీ అంటే, "అంతకుముందు సభ్యులు దొరకరు కదా. నేనొక్కణ్ణీ నిర్ణయం తీసుకుంటే బాగుండదు" అన్నారు. గుమ్మం దాకా వచ్చి, ఆటో దొరికేదాకా నిలబడ్డారు.

అక్కణ్ణుంచి తిరుపతి హాస్టల్‌కు వెళ్ళాను. మేడ మీద ఆరేసిన బట్టల మధ్య కూర్చున్నాం. "ఒక్క మోడల్ పరీక్షను నమ్మకు తమ్మీ, పోయి రాయి" అన్నాను. "మీరు ధైర్యం చెప్పనీకి అంటున్నరు అక్కా. లెక్కలు అబద్ధం చెప్తయా?" అన్నాడు. చెప్తాయి అనాలి నేను. ఆ ఒక్క మాట అంటే చాలు. వాడు నిజమైన ఫలితం అందుకున్న సగంలో ఉంటే, నేను లేనిపోని ఆశ పెట్టినట్టవుతుందని ఆగాను. అధ్యయనం చెడగొట్టానని తెలిస్తే నా ఉద్యోగం పోతుందని కూడా ఆగాను. రెండు కారణాలూ రాస్తున్నాను. ఏది ముందో అడగకు. ఆ మెట్లు దిగుతున్నప్పుడు అది నాకు బాగా తెలుసు.

పరీక్ష మర్నాడు నిజం చెప్పే రోజు. నేనూ వెళ్ళాను. హాల్లో ఉప్మా, టీ పెట్టారు. అబద్ధపు ఫలితం వచ్చినవాళ్ళను, నాకు చెప్పకూడదన్న ఆ పేర్లతోనే అందరి ముందూ పిలిచి నిలబెట్టి, అది నిజం కాదని చెప్పి, అసలు మార్కులు చదివారు. అభిలాష్ చప్పట్లు కొట్టించాడు. కొందరు నవ్వారు. ఒకమ్మాయి కూర్చున్నచోటే మోకాళ్ళలో తల పెట్టుకుంది, మళ్ళీ ఎత్తలేదు. తిరుపతి పేరు పిలిస్తే ఎవరూ లేవలేదు. వాడిది అబద్ధపు సగమే. అసలు మార్కులు చదువుతుంటే విన్నాను. పైనుంచి మూడోవాడు విజ్జీ. పైనుంచి మూడోవాడు.

తర్వాత పేర్లున్న కాగితాలను నా ముందే మిషన్లో వేసి ముక్కలు చేశారు. కంప్యూటర్లోనూ తీసేశారు. ఆ నియమం రాయించినదాన్ని నేనే కాబట్టి, సరిగ్గా జరిగిందని చూడటానికి నన్నే నిలబెట్టారు.

ఆ సాయంత్రం కమిటీలో అంతా చెప్పాను. అనుమతించిన పద్ధతిలోనే జరిగింది, నష్టం జరిగినట్టు ఆధారం లేదు అని తీర్మానించారు. రాని వాళ్ళు "మధ్యలో మానుకున్నవాళ్ళు" అట. నీ తమ్ముడు ఆ లెక్కలో ఉన్నాడు.

నిజం తెలుసుకునే హక్కు వాడికుందని మా పుస్తకాలు చెప్తాయి. ఇప్పుడు తెలిసి వాడికేం ఒరుగుతుందో అవి చెప్పవు. నువ్వు చెప్పమంటే నేనే వెళ్ళి చెప్తాను. వద్దంటే నోరు మూసుకుంటాను.

సాధన


అబ్దుల్లాపూర్‌మెట్,
అక్టోబర్

సాధన మేడం గారికి,

దసరా సెలవులకు వచ్చి తమ్ముడి గదిలో ఉన్నాను. మీరు చెప్పనవసరం లేదు. నేనే చెప్పాను.

హైవే పక్క టీ బండి దగ్గర చెప్పాను. వాడు గ్లాసు బల్ల మీద పెట్టి, "అంటే నేను పాసయ్యేటోణ్ణా?" అన్నాడు. అవునన్నాను. చాలాసేపు లారీలను చూశాడు. తర్వాత, "ఎవరు చెప్పిన్రు నీకు?" అన్నాడు. సాధన అన్నాను.

"అప్పుడు కాగితం ఇచ్చిన్రు. ఇప్పుడు నోటితోని చెప్తున్నరు. ఏది నమ్మాలె అక్కా? నేను పరీక్షకు పోలేదని బాధపడుతున్నవని సాధనక్క నీకు అట్ల చెప్పి ఉంటది. ఆమె మంచిది. ఆ రోజు గూడ నన్ను ఓదార్చనీకే వచ్చింది."

మీరు మంచివారని వాడప్పటికీ నమ్ముతున్నాడు. అది కూడా వాడికి చెప్పాల్సి వచ్చింది, మీకు అప్పటికే తెలుసని. వాడు టీ డబ్బులిచ్చాడు. డ్యూటీ వేళయిందని లేచాడు.

నాకు వాడి అసలు మార్కుల కాగితం కావాలి. మీ కాలేజీ ముద్రతో. అమ్మకు చూపించడానికి కాదు. వాడికి చూపించాలి. వాడి బుర్రలో ఆ ప్రొఫెసర్ పెట్టిన మాటను ఇంకో కాగితంతో తప్ప తియ్యలేను. ఇంతకంటే మిమ్మల్ని ఏమీ అడగను.

విజయశ్రీ


చైతన్యపురి,
నవంబర్

విజ్జీ,

నువ్వు మేడం అని రాశావు. నేను విజ్జీ అనే రాస్తాను. వేరేలా రాయడం నాకు చేతకాదు.

ఆ కాగితం లేదు. అభిలాష్‌ను అడిగాను. పేర్లు చెరిపేశాక మార్కులు మిగిలాయి, కానీ ఏవి ఎవరివో దేవుడికి కూడా తెలియదన్నాడు. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాను. కాలేజీ ముద్రతో అలాంటి ఉత్తరం ఇవ్వడమంటే తప్పు చేశామని ఒప్పుకోవడమే అన్నారు. మళ్ళీ ఇలాంటి మాట తెస్తే పర్మినెంట్ విషయం తను చూడలేనన్నారు. మర్నాడు రాజీనామా ఇచ్చాను. సాంబమూర్తి గారు ఫోన్ చేసి, "తొందరపడ్డారమ్మా" అని బాధపడ్డారు. నిజంగానే బాధపడ్డారు. కమిటీకి కొత్త కార్యదర్శి అభిలాష్.

దీన్ని త్యాగమని నీకు రాయడం లేదు. ఆగస్టులో పోవాల్సిన ఉద్యోగం నవంబర్లో పోయింది. ఎవరికీ ఉపయోగం లేకుండా పోయింది.

నిన్న ఎల్బీనగర్‌లో బస్సెక్కి తిరుపతి దగ్గరికి వెళ్ళాను. నువ్వు వద్దంటావని తెలిసే వెళ్ళాను. నీలం యూనిఫాంలో గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, చిక్కిపోయాడు. నన్ను చూసి తన కుర్చీ తెచ్చి నీడలో వేశాడు. "మీ నాన్న మంచిగున్నడా అక్కా?" అని అడిగాడు. నాకు ఆ కుర్చీలో కూర్చునే ధైర్యం లేకపోయింది.

నిలబడే చెప్పాను. అబద్ధమని నాకు తెలిసీ ఆ రోజు చెప్పలేదని చెప్పాను. వాడి పేరు చదివినప్పుడు నేను ఆ హాల్లోనే ఉన్నానని, నా చెవులతో విన్నానని చెప్పాను. కాగితం లేదు తమ్మీ, కానీ నువ్వు ఓడిపోలేదు, ఇంకా వేరే పరీక్షలున్నాయి, నేను కూర్చుని చదివిస్తాను అన్నాను. మాట్లాడుతూనే ఉన్నాను. లోపలికి ఒక లారీ వచ్చింది. వెళ్ళి గేటు తీశాడు, నంబరు రాసుకున్నాడు, గేటు వేశాడు, మళ్ళీ వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"మీరు చెప్పేది నిజమే కావొచ్చు అక్కా," అన్నాడు. "కానీ నాకు రాదు, నాతోని అయ్యేది కాదు అనుకుంటనే, గదికి పోయినంక జర నిద్ర పడుతున్నది. నాకొచ్చు, వచ్చి గూడ పోగొట్టుకున్న అనుకుంటే ఎట్ల పండుకోవాలె? దాన్నట్లనే ఉండనియ్యిండ్రి. మీరిద్దరు మళ్ళ మళ్ళ వచ్చి చెప్పకుండ్రి."

ఎంత మర్యాదగా అన్నాడో.

బస్టాప్ దాకా వస్తానన్నాడు. గేటు వదలొద్దని నేనే వద్దన్నాను.

సాధన